రెండు కవర్లు

పోలీసు ఇంటికొస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ మార్తాకి అన్నం సయించడం మానేసింది. ఆమె తప్పేమీ చేయలేదు. పక్కింటి జెనలిన్ పోలీసు ఉద్యోగానికి అప్లై చేసి, తన మంచీ చెడూ చెప్పగల ఇరుగుపొరుగు ఎవరని ఫారంలో అడిగితే, మార్తా పేరు రాసింది. రేపో మాపో ఒక ఆఫీసరు వచ్చి, సోఫాలో కూర్చుని, ఆ పిల్ల గురించి నాలుగు ప్రశ్నలు వేసి వెళ్తుంది. దీనికింత భయమెందుకని ఇక్కడ, కెనడాలోని సస్కటూన్‌లో పుట్టినవాళ్ళు అడగొచ్చు. మార్తా నరసాపురంలో పుట్టింది.

పెళ్ళైన కొత్తలో ఆమె పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. కాఫీ ఇచ్చింది, జంతికలు పెట్టింది, ఫ్యాను ఆయన వైపు తిప్పింది. కవరు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వాలని ఆ కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు మరి. ఆయన ఆమె చేతి కాఫీ తాగి, మూతి తుడుచుకుని, 'సదరు వ్యక్తి ఈ చిరునామాలో లేరు' అని రాసుకుని చక్కా పోయాడు. ఆ లేని మనిషి మళ్ళీ ఉందని రుజువు చేయడానికి నాలుగు నెలలు పట్టింది.

"మార్తా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ కవర్లిచ్చే వేషాలెయ్యకు," అన్నాడు మొగుడు సువార్తరాజు. ఆయన ఊరి చివర బఠాణీలూ మసూరు పప్పులూ శుభ్రం చేసి విదేశాలకి పంపే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రోజంతా రాళ్ళేరే మిషను దగ్గర నిలబడి నిలబడి, ఇంట్లో కూడా రాళ్ళేరడం అలవాటైంది.

"నాకు తెలీదేంటండీ, పిల్లనా నేను?" అంది మార్తా. ఆయన డ్యూటీకి వెళ్ళాక యాభై డాలర్ల నోటొకటి కవర్లో పెట్టి బైబిల్లో దాచింది. అది సామెతల గ్రంథంలో పడింది. లంచం గురించి ఆ గ్రంథం ఏమంటుందో ఆమెకి తెలుసు కాబట్టి పేజీ వైపు చూడలేదు.

ఆమె అంత దూరం వెళ్ళిందంటే ఆ పిల్ల మీద ప్రేమ అలాంటిది. ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, మధ్యలో ఒక గోడ. గోడకి ఇటు వీళ్ళు, అటు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసెల్, ఆవిడ కూతురు జెనలిన్. పన్నెండేళ్ళ కిందట ఈ ఊరు వచ్చినప్పుడు జెనలిన్‌కి పన్నెండేళ్ళు. మార్తా కొడుకు క్రిస్టఫర్ వాన్ అనే దూరపు ఊళ్ళో గోడౌన్ ఉద్యోగానికి వెళ్ళిపోయి, ఆదివారం ఆదివారం ఫోన్లో కనిపించే మనిషయ్యాడు. ఆ ఖాళీలోకి ఈ పిల్ల వచ్చి కూర్చుంది. తల్లిని 'మా' అనేది, మార్తాని 'టీటా' అనేది, టీటా అంటే వాళ్ళ భాషలో పిన్ని. "టీటా, ఫిష్ కర్రీ ఉందా?" అంటూ వెనక తలుపు తోసుకుని వచ్చేది. చేపల పులుసు ముళ్ళు తీయకుండా తినగల పిల్లని మార్తా ఎందుకు వదులుకుంటుంది?

పైగా ఇద్దరిదీ ఒకే రంగు. 'నలుపు నారాయణ మెచ్చు' అంటారు గానీ, పెళ్ళిచూపులకి వచ్చేది నారాయణుడు కాదు. పద్ధెనిమిదో ఏట నుంచి ఇరవయ్యారో ఏట దాకా మార్తాకి వాళ్ళమ్మ శనగపిండీ మీగడా పట్టించని రోజు లేదు. ఏడుగురొచ్చి చూసి వెళ్ళారు. ఎనిమిదోవాడు సువార్తరాజు, "అమ్మాయి నవ్వు బావుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన చేసిన తప్పులన్నీ ఇప్పటికీ మాఫీ అవుతున్నాయి.

మారిసెల్ ఇంట్లో శనగపిండి స్థానంలో బొప్పాయి సబ్బు ఉండేది. తెలుపు తెస్తుందని పెట్టెలు పెట్టెలు తెప్పించేది. జెనలిన్ చిన్నప్పుడు ఆ సబ్బు నురగతో ఐదు నిమిషాలు కదలకుండా నిలబడాలి. ఎండలోకి వెళ్తే గొడుగు, చెయ్యి బయటపెడితే కేక. ఫుట్‌బాల్ ఆడతానంటే ఇండోర్ అయితేనే ఆడమంది. పదహారేళ్ళు వచ్చాక ఆ పిల్ల సబ్బులన్నీ చెత్తబుట్టలో వేసింది. అప్పట్నుంచీ తల్లీకూతుళ్ళు ప్రేమగానే ఉంటారు గానీ, ఆ ఒక్క విషయం దగ్గరికి ఇద్దరూ వెళ్ళరు.

మారిసెల్‌కీ మార్తాకీ ముసలివాళ్ళని చూసుకునే ఒకే కేర్ హోమ్‌లో పని. ఒక దుప్పటికి చెరో కొనా పట్టుకుని మడతలు పెట్టేటప్పుడే వాళ్ళ పార్లమెంటు నడుస్తుంది. ఇద్దరి మధ్యా ఇంగ్లీషే, ఇద్దరిదీ సొంత ఇంగ్లీషు.

"నా కడుపున మొసలి పుట్టింది ఆతే," అంది మారిసెల్ ఆ సోమవారం దుప్పటి విదిలిస్తూ. ఆతే అంటే అక్క. ఆవిడ అయిదడుగులు కూడా ఉండదు గానీ గొంతు మాత్రం ఆరడుగులు. "మా దగ్గర పోలీసుని మొసలి అంటాం. ఎందుకంటావు? కదలకుండా దారిలో పడుకుంటాడు, నోరు మాత్రం తెరిచే ఉంటుంది. మా నాన్న జీపు నడిపేవాడు. రోజూ వంతెన దగ్గర ఆపేవాళ్ళు. అగ్గిపెట్టెలో నోటు మడిచి అందించేవాడు. ఆ పోలీసు సిగరెట్టు తాగడు, అయినా నాన్నని రోజూ అగ్గిపెట్టె అడిగేవాడు."

"కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం!" అంది మార్తా. "మా దగ్గరా అంతే. కానీ ఇది కెనడా కదా మారిసెల్?"

"మొసలి ఏ నదిలో ఉన్నా మొసలే."

"మరి మీ మేయరో?" అని అంటించింది మార్తా. మారిసెల్ వంటింట్లో వాళ్ళ ఊరి మేయరు నవ్వుతున్న క్యాలెండరుంది. సంవత్సరం అయిపోయి ఆరేళ్ళయినా దింపలేదు. "ఆయన కొత్త వంతెన డబ్బు మొత్తం తినేశాడని నువ్వే చెప్పావు."

"తిన్నాడు. ఆయన తిన్నాడు, మాకూ పెట్టాడు," అంది మారిసెల్ మొహం గంటు పెట్టుకుని. "ఆయన్నేమీ అనకు. నేను చచ్చేదాకా ఆయనకే ఓటు. ఎందుకో అడక్కు."

మార్తా అడగలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదనే జాతి తనది కూడా. సువార్తరాజు తండ్రికి ఎప్పుడో ఒక నాయకుడు మూడు సెంట్ల ఇళ్ళస్థలం పట్టా చేతిలో పెట్టాడు. ఆ గుర్తు మీద గాడిదని నిలబెట్టినా ఆ ఇంటి ఓట్లు గాడిదకే. ఓటు లేని కెనడాలో కూర్చుని కూడా ఆయన వాట్సాప్‌లో తన పెదనాన్న కొడుకుతో ఆ గుర్తు కోసం కుస్తీ పడుతుంటాడు.

మారిసెల్ మడత దుప్పటి బుట్టలో వేసి మార్తా చెయ్యి పట్టుకుంది. "ఆఫీసరు నీ దగ్గరికే వస్తుంది. పిల్లకి కోపం ఎక్కువని చెప్పు. నా కోసం."

"అబద్ధం నేను చెప్పను."

"అయితే నేనే చూసుకుంటా," అంది మారిసెల్. ఆ మాట దగ్గరే మార్తా చెవులు రిక్కించాల్సింది. కానీ ఆమె ధ్యాసంతా తన బైబిల్లో ఉన్న కవరు మీదుంది.

ఆఫీసరు గురువారం మధ్యాహ్నం వచ్చింది. యూనిఫాం లేదు. తల నెరిసిన, సన్నటి మనిషి. పేరు ఎమిలీ అని చెప్పి, గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పింది. మార్తాకి అక్కడే సగం ధైర్యం వచ్చింది. జంతికలు పెట్టింది, టీ ఇచ్చింది. ఎమిలీ టీ తీసుకుంది గానీ తాగకుండా పక్కన పెట్టి, ఫైలు తెరిచింది.

జెనలిన్ తాగుతుందా? అప్పులున్నాయా? కోపమొస్తే ఏం చేస్తుంది? మార్తా అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది. కోపమొస్తే గోడవతల గిన్నెలు తోముతుందనీ, ఆ చప్పుడుని బట్టి ఎంత కోపమో తెలుస్తుందనీ చెప్పింది. మంచులో కారు ఇరుక్కుంటే వీధివాళ్ళందరి కార్లూ తనే తోస్తుందని చెప్పింది. చెబుతున్నంతసేపూ స్వెట్టర్ జేబులోని కవరు ఆమె నడుముకి గుచ్చుకుంటూనే ఉంది. ఎప్పుడివ్వాలి? ఇప్పుడా, గుమ్మం దగ్గరా?

ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. మారిసెల్, చర్చికి వెళ్ళే గౌనులో, రెండు చేతులతో ఒక ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో వాళ్ళ సేమ్యా లాంటి పాన్సిట్, పైన నిమ్మ ముక్కలు, పక్కన ఒక తెల్ల కవరు. కవరు మీద చక్కటి అక్షరాలతో 'థాంక్యూ ఆఫీసర్' అని రాసి ఉంది.

"నేను జెనలిన్ తల్లిని," అంది. "ఇది మీకు. ఇందులో రెండు వందలున్నాయి. దయచేసి మా అమ్మాయిని తీసుకోకండి. 'పనికిరాదు' అని రాయండి."

జీవితమంతా పోలీసులు లంచం తింటారని తిట్టిన మనిషి, కూతురు ఆ పోలీసుల్లో కలవకూడదని లంచం ఇస్తోంది. ఇంతకన్నా తెలివైన తెలివితక్కువ పని ప్రపంచంలో ఇంకెవరైనా చేశారా?

ఎమిలీ కవరు ముట్టుకోలేదు. ట్రే కూడా ముట్టుకోలేదు. "మేడం, అది వెనక్కి తీసుకోండి," అంది మెల్లగా. "మీరు ఇది నాకిచ్చారని నేను రాయాలి."

"రాయండి! అందుకేగా ఇచ్చాను. తీసుకుని రాయండి."

"తీసుకోకుండానే రాస్తాను."

మొసలి నోరు మూసుకోవడం మారిసెల్ ఎప్పుడూ చూడలేదు పాపం, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఎమిలీ మార్తా వైపు తిరిగింది. "ఈ విషయం మీకు ముందే తెలుసా?"

ఇప్పుడేం చెప్పాలి? తెలియదన్న మాట నిజమే. చెప్పి ఊరుకుంటే తను శుభ్రంగా బయటపడుతుంది. మారిసెల్ ఒక్కతే నేరస్థురాలవుతుంది, ఆ తల్లి కడుపున పుట్టిన పిల్ల ఎలాంటిదోనని ఈవిడకి అనుమానం మిగిలిపోతుంది. తన జేబులో కూడా అదే సరుకు పెట్టుకుని తెల్లమొహం వేసుకు కూర్చోవడం మార్తా వల్ల కాలేదు. స్వెట్టర్ జేబులోంచి కవరు తీసి టీ కప్పు పక్కన పెట్టింది.

"నేనూ ఒకటి తెచ్చాను మేడం," అంది. "ఆమెది పిల్లని వద్దనడానికి. నాది కావాలనడానికి. యాభయ్యే."

ఎమిలీ రెండు కవర్లనీ మార్చి మార్చి చూసింది. పెదవి కొంచెం వణికింది గానీ నవ్వలేదు. "ఇవి తెచ్చినట్టు జెనలిన్‌కి తెలుసా?"

"తెలిస్తే మమ్మల్ని బతకనిస్తుందా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"రెండూ లోపల పెట్టేయండి. ఇదీ రాయాలి," అని ఎమిలీ ఫైలు మూసి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. టీ అలాగే చల్లారిపోయింది.

యూనివర్సిటీలో సెక్యూరిటీ డ్యూటీ ముగించుకుని ఆరింటికి వచ్చిన జెనలిన్‌కి వాళ్ళే చెప్పారు. ఆ పిల్ల అరవలేదు. అరిస్తే బావుండునని మార్తాకి అనిపించింది.

"యూ టూ, టీటా?" అంది ముందు. ఆ రెండు ముక్కలకి మార్తా తల వంచుకుంది. తర్వాత తల్లి వైపు తిరిగి, "చిన్నప్పట్నుంచీ నన్ను రుద్ది రుద్ది ఇంకెవరినో చెయ్యాలని చూశావు. రంగు పోలేదని ఇప్పుడు ఉద్యోగం పోగొట్టావు. నేనెలా ఉన్నా నీకు నచ్చను కదూ, మా?" అంది. సమాధానం కోసం ఆగలేదు. ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

తర్వాత మూడు వారాలు గోడకి అటువైపు మాట వినపడలేదు. గిన్నెల చప్పుడు కూడా లేదు. జెనలిన్ తల్లికి 'గుడ్ మార్నింగ్' చెప్పేది, మార్తాకి 'హాయ్ టీటా' అనేది. అంతే. చేపల పులుసు కోసం రాలేదు. పోలీసుల నుంచి కబురు లేదు. మారిసెల్ దుప్పట్లు మడతపెడుతూ ఏడవడం మొదలెట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సువార్తరాజు ఒకసారి అన్నాడు. ఆ రోజు ఆయనకి రాత్రి కూరలో ఉప్పు పడలేదు.

నాలుగో వారం మారిసెల్ తలుపు కొట్టింది. "ఆతే, నాతో స్టేషనుకి రా. తప్పు నాదని నేనే చెబుతాను. నా మీద కేసు పెట్టుకోమను. పిల్లని తీసుకోమను."

"వద్దన్నదానివి నువ్వే కదా?"

"ఆమె లోపల్లోపల చచ్చిపోతోంది ఆతే. ఆ మొహం నేను చూడలేను."

మార్తా చెప్పులు వేసుకుంది. మారిసెల్ చేతిలో డోనట్ల డబ్బా ఉంది. మార్తా అది లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టేసింది. "ఖాళీ చేతులతో రా. జన్మలో ఒక్కసారైనా ఖాళీ చేతులతో రా."

పోలీసు స్టేషను మెట్లెక్కకూడదని ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ అమ్మలు చెప్పే పెంచారు. లోపల అద్దం వెనక కూర్చున్న కుర్రాడు పేర్లు రాసుకుని, ఎమిలీకి ఫోన్ చేసి, కూర్చోమన్నాడు. ఇద్దరూ బెంచీ కొసన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మారిసెల్ కాళ్ళు నేలకి అందడం లేదు. అలా కూర్చునే, గోడ వైపు చూస్తూ, ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది.

"నాకొక తమ్ముడున్నాడు. ఎరిక్. నాన్న తర్వాత జీపు వాడే నడిపాడు. జెనలిన్ రంగే. ఇంకా కొంచెం ఎక్కువే. ఒకరోజు బజారులో ఎవరి సంచో పోయింది. వంతెన దగ్గర జీపు ఆపారు. ముందు సీట్లో ఇద్దరు. వాడి పక్కన వాడి స్నేహితుడు, తెల్లగా, సినిమా హీరోలా ఉంటాడు. సంచి ఆ స్నేహితుడి కాళ్ళ దగ్గరే ఉంది ఆతే. కానీ ఎరిక్‌నే లాగారు. 'మొహం చూస్తేనే తెలుస్తోంది' అన్నారు. మూడు రోజులు లాకప్పులో ఉంచారు. మేం అమ్మగలిగిందంతా అమ్మి కవర్లిచ్చాం. కవర్లు తీసుకున్నారు, మనిషినివ్వలేదు. మా అమ్మ వెళ్ళి మేయరు కాళ్ళ మీద పడింది. ఆయన ఒక్క ఫోన్ చేశాడు. సాయంత్రానికి వదిలేశారు. వాడికి ఇప్పటికీ ఒక చెవి వినపడదు."

మార్తా బెంచీ మీద ఆమె వైపు జరిగింది.

"అప్పుడు జెనలిన్‌కి ఏడేళ్ళు. ఆ రాత్రి దానికి స్నానం చేయిస్తూ చూశాను. అచ్చం వాడి చెయ్యే. మర్నాడు సబ్బు కొన్నాను. అందం కోసం కాదు ఆతే. తెల్లగా ఉంటే మొసలి పట్టుకోదని."

మార్తా ఆ చిన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వాళ్ళమ్మ శనగపిండి గుర్తొచ్చింది. అమ్మ కూడా పెళ్ళికొడుకు కోసమే రుద్దిందా, ఇంకేదైనా భయంతో రుద్దిందా అని మొదటిసారి అనుమానమొచ్చింది. అడుగుదామంటే అమ్మ లేదు. "ఈ మాట ఆ పిల్లకి చెప్పావా?" అంది.

"ఎలా చెప్పను? ఏడేళ్ళ పిల్లకి నీ రంగు చూస్తే నాకు భయమేస్తోందని చెప్పనా?"

"ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు మారిసెల్. నువ్వు చెప్పకపోతే అది ఇంకేదో అనుకుంటోంది."

ఎమిలీ వచ్చింది. మారిసెల్ లేచి నిలబడి, వచ్చేటప్పుడు బస్సులో బట్టీ పట్టిన నాలుగు వాక్యాలూ తప్పుల్లేకుండా అప్పజెప్పింది. ఎమిలీ మొత్తం విని, "నిర్ణయం నా ఒక్కదానిది కాదు. నేను అన్నీ రాశాను," అంది. ఆగి, "ఒకటి చెప్పొచ్చు. ఆ సాయంత్రమే, నేను అడగకముందే, మీ అమ్మాయి నాకు ఫోన్ చేసి జరిగింది మొత్తం తనే చెప్పింది. మీ పేరు దాచలేదు. మీ గురించి చెడ్డ మాటా చెప్పలేదు. అది కూడా రాశాను," అంది.

ఇద్దరూ బస్సు దిగి ఇంటికొచ్చారు. ఇంటి మెట్ల మీద జెనలిన్ కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది. మార్తా తన ఇంట్లోకి జారుకోబోతే మారిసెల్ కొంగు పట్టుకున్నట్టు స్వెట్టర్ పట్టుకుంది. "నువ్వుండు ఆతే. మధ్యలో నేను ఏడిస్తే మిగిలింది నువ్వు చెప్పాలి."

మధ్యలోనే ఏడ్చింది. మేయరు ఫోన్ దగ్గర ఆగిపోతే అక్కణ్ణుంచి మార్తా చెప్పింది. సబ్బు సంగతి దగ్గరికి వచ్చేసరికి మారిసెల్ చెయ్యెత్తి ఆపి, అది మాత్రం తనే చెప్పుకుంది.

జెనలిన్ బూట్లూ గుడ్డా పక్కన పెట్టింది. "అంకుల్ ఎరిక్‌కి చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవి పోయిందని చెప్పావు," అంది.

"అబద్ధం చెప్పాను."

"మా, నేను వికారంగా ఉన్నానని నీకు సిగ్గనుకున్నాను. పదిహేడేళ్ళు అదే అనుకున్నాను."

"నువ్వా? వికారమా?" మారిసెల్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా ఊళ్ళో నీ అంత అందగత్తె పుట్టలేదు!" ఆ మాట ఎంత కోపంగా అందంటే, అబద్ధమని ఎవరూ అనుమానించడానికి వీల్లేదు. జెనలిన్ పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చింది. తల్లి కూర్చుంది. ఇద్దరూ ఏడుస్తుంటే మార్తా లోపలికి పోయి పులుసుకి చింతపండు నానేసింది. ఈ పూట పిల్ల తప్పకుండా వస్తుంది.

వచ్చింది. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకున్నట్టు తింది. సువార్తరాజు తల ముక్క ఆ పిల్లకే వదిలేశాడు. అది ఆయన ఎవరికీ వదలడు.

మరో తొమ్మిది రోజులకి, శనివారం మిట్టమధ్యాహ్నం, పెరట్లో ముగ్గురూ బట్టలారేస్తుండగా జెనలిన్ ఫోన్ మోగింది. కంచె దాకా వెళ్ళి మాట్లాడింది. "యస్ మేడం," అంది. "థాంక్యూ మేడం," అంది. వెనక్కి తిరిగినప్పుడు ఆ మొహం చూసి మార్తాకి విషయం అర్థమైపోయింది, అయినా నోరు నొక్కుకుని నిలబడింది. ముందు వినాల్సింది తను కాదు.

"తీసుకున్నారు మా," అంది జెనలిన్. "ఆగస్టులో రెజైనాలో ట్రైనింగ్."

మారిసెల్ చేతిలో తడి తువ్వాలు నీళ్ళు కారుతోంది. సంతోషమూ, పాత భయమూ, రెండూ ఒకేసారి ఆ చిన్న మొహంలోకి వచ్చాయి. "రోడ్డు మీద నిలబెడతారా?" అని అడిగింది.

"నిలబెడతారు."

"ఎండలో?"

"రోజంతా, మా."

మారిసెల్ కూతుర్ని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ పిల్ల నెత్తి మీద టోపీ లేదు. జూన్ ఎండ ఆ నల్లటి భుజాల మీద నిగనిగలాడుతోంది. ఎన్నడూ లేనిది, తల్లి నీడలోకి రమ్మని కేకెయ్యలేదు.

"నిలబడు," అంది. "అందరికీ కనిపించేట్టు నిలబడు. మన ఎరిక్ లాంటివాడి బండి ఆపినప్పుడు, ముందు సంచి ఎవరి కాళ్ళ దగ్గరుందో చూడు."

జెనలిన్ తలూపింది. మార్తాకి కన్నీళ్ళు ధార కట్టాయి. ఆపుకోవాల్సిన అవసరమేమీ కనిపించలేదు కాబట్టి, చేతిలో ఉన్న సువార్తరాజు చొక్కాతోనే తుడుచుకుని, దాన్ని మళ్ళీ తీగ మీద ఆరేసింది.